శ్రీకాళహస్తి కలంకారీ: చేతిగీతను డిజిటల్ ముద్రణకు అమ్మవచ్చునా?

ప్రశ్న: స్వర్ణముఖి ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. 1950ల చివర కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో మా ఊరిలో కలంకారీ శిక్షణ కేంద్రం ఏర్పడినప్పుడు అక్కడ పని నేర్చుకున్నవారిలో మా తాతగారు ఒకరు. ఆయన నుంచి నాన్నగారికి, నాన్నగారి నుంచి నాకు ఈ విద్య వచ్చింది. మా ఇంట్లో మొదటి నుంచీ రామాయణ పటాలే ఎక్కువగా వేసేవారు. మధ్యలో పెద్దగా పట్టాభిషేకం, దాని చుట్టూ పుత్రకామేష్టి మొదలుకొని రావణవధ వరకు వరుసలుగా గడులు, ఒక్కొక్క గడి కింద ఆ ఘట్టమేదో తెలిపే తెలుగు వాక్యం, ఇదీ మా పటం తీరు. ఈ రోజుల్లో అటువంటి పటం కావాలని వచ్చేవారు ఏడాదికి ఒకరో ఇద్దరో. ఇల్లు గడుస్తున్నది మాత్రం కూలికి చేసే చీరల మీదా దుపట్టాల మీదా. దుకాణదారులు పట్టుచీర ఇచ్చి, కొంగు మీద బుద్ధుడి ముఖమో, అంచు వెంట ఏనుగులో నెమళ్లో వేసిమ్మంటారు; పనికి ఇంత అని వాళ్లే కట్టి ఇస్తారు.

ఆ సొమ్ము ఎందుకు చాలదో ఈ పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు గానీ, తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. గాడా అనే ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టాలి; పాలలోని కొవ్వు పట్టకపోతే గీత నూలు వెంట పాకిపోతుంది. చింతబొగ్గుతో బొమ్మ గీసుకుని, బెల్లమూ తుప్పు ఇనుమూ నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి తీసిన కసింతో దాని మీద కలం నడపాలి. ఎరుపు రావలసిన చోట్ల పటిక నీళ్లు పూసి, ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి వేసిన రాగి గంగాళంలో ఉడికించాలి. ఆ తరువాత తెల్లబరచడం, మళ్లీ పాలు పట్టించడం, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం. మధ్యలో ముసురు పట్టిందంటే గుడ్డ ఆరదు, పని ముందుకు సాగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వేరే రాష్ట్రానికి చెందిన ఒక వస్త్రవ్యాపార సంస్థ వారు హస్తకళల సంతలో మా పటం ఒకటి చూశారు. అది నాన్నగారు గీసినది, రంగులు నేను వేశాను. దాన్ని స్కాన్ చేసుకుని, డిజిటల్ ముద్రణతో చీరలు, తెరలు, దిండు గలీబులు తయారుచేసుకునేందుకు ఒకేసారి కొంత సొమ్ము ఇస్తామంటున్నారు. నెలల తరబడి చీరల పని చేసినా మాకు అంత మిగలదు. అప్పు ఉంది, అమ్మాయి కాలేజీ ఫీజు ఉంది. మరోవైపు, మా గీతను యంత్రానికి అప్పగించిన తరువాత మా చేతిపనిని ఏమని చెప్పి అమ్ముకోవాలన్న ఆలోచన నిద్ర పట్టనివ్వడం లేదు. నాన్నగారికి చూపు తగ్గి కలం మానేశారు. ఆయనను అడిగితే, "చీర మీదైతే ఆలోచించవచ్చు, దిండు మీద పట్టాభిషేకమేమిటి?" అని మాత్రం అన్నారు.

అమ్మాలా, వద్దా? అమ్మితే ఏ షరతుల మీద అమ్మాలి? చేతిపనితో బతుకుతున్నవారు, ఈ వ్యాపారం తెలిసినవారు తమ అభిప్రాయం చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: చింతబొగ్గు

తమ్ముడూ, నేనూ ఈ ఊరిదాన్నే, కలం పట్టి బతుకుతున్నదాన్నే. ఆ పటాన్ని ఇవ్వవద్దని నా మాట. యంత్రం మీద కోపంతో అనడం లేదు. మీ నాన్నగారి గీతతో అచ్చయిన చీర రేపు తిరుపతిలోనో చెన్నైలోనో కలంకారీ అన్న పేరుతో మన చీర పక్కనే వేలాడుతుంది. కొనేవారికి రెండింటి మీదా ఒకే బొమ్మ కనిపిస్తుంది, ధరలో మాత్రం పొంతనే ఉండదు. మనకు పని ఇచ్చే దుకాణదారుడు దాన్ని చూపించి మన కూలి తగ్గించమంటాడు. స్క్రీన్ ముద్రణ చీరలు వచ్చినప్పుడు జరిగింది ఇదే, అయితే అవి మోటుగా ఉండేవి కాబట్టి చూడగానే తెలిసిపోయేవి. చేయి తిరిగిన మనిషి వేసిన పటాన్నే స్కాన్ చేసి అచ్చు వేస్తే ఆ తేడాను కొనేవారికి చూపించడం మనకే కష్టమవుతుంది.

మనం అమ్ముతున్నది ఏమిటో ఒకసారి దగ్గరగా చూడండి. వెదురు పుల్ల కొనకు పైగా చుట్టిన ఉన్ని ముద్ద కసింను పీల్చుకుంటుంది. దాన్ని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. అందుకే రాముడి భుజం దగ్గర నిండుగా మొదలైన గీత మోచేయి దాటేసరికి సన్నబడి, ముద్దను మళ్లీ నొక్కిన చోట కాస్త లావెక్కుతుంది. కలం నుంచి లేతగా దిగిన గీత కరక్కాయ పట్టిన గుడ్డను తాకి, చూస్తుండగానే నల్లబడుతుంది. గుడ్డను తిరగేస్తే ఆ నలుపు వెనకవైపు కూడా దిగి ఉంటుంది. డిజిటల్ ముద్రణ గీతలోని లావు సన్నాలను నకలు తీయగలదు గానీ, రంగు ఎక్కువగా పైపైనే నిలుస్తుంది కాబట్టి వెనక్కి తిప్పితే బొమ్మ వెలవెలబోతుంది. నేను సంతలో కూర్చున్నప్పుడు ఒక గుడ్డ ముక్క మీద గీసి చూపించి, వెనక్కి తిప్పి చూడమని కొనేవారి చేతికే ఇస్తాను. అలా చూసినవారు ధర దగ్గర వాదించడం తక్కువ.

మీరు రాసినదానిలో ఒక విషయం నాకు నచ్చలేదు, దాచుకోకుండా చెబుతాను. పటం అంటే విద్య, చీర అంటే కూలిపని అన్న ధ్వని మీ మాటల్లో ఉంది. మన ఊరిలో ఎంతమంది ఆడవాళ్లు అంచులు వేసి పిల్లలను చదివించుకుంటున్నారో మీకు తెలియనిది కాదు. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిలకు నేను మొదట ఇచ్చేది అంచు ఏనుగునే, ఎందుకంటే తొండం మెలిక తిప్పడం వచ్చిన చేతికి తరువాత సీతమ్మ జడ తిప్పడం కష్టం కాదు. చీర మీద వేసినా పటం మీద వేసినా గీత గీతే. ఇబ్బంది చీరలో లేదు, చీర ఎవరిదన్న దానిలో ఉంది. బట్ట వాళ్లదైతే ధర వాళ్లది, బట్ట మనదైతే ధర మనది.

అందుచేత ఆ సంస్థ ఇచ్చే సొమ్ము గురించి ఆలోచించేకంటే, రెండు మూడు చీరలైనా సొంతంగా కొని వేసి అమ్మే దారి వెతకండి. లెక్క ఎలా కట్టాలో ఉదాహరణకు చెబుతాను. చీర 4,000 రూపాయలు, రంగులు, పాలు, కట్టెలు కలిపి 1,000, పని పదిహేను రోజులు, రోజుకు 700 అనుకుంటే 10,500. మొత్తం 15,500. వాన రోజులకూ, మరకపడి చెడిపోయే గుడ్డలకూ, సంతలకు వెళ్లే ఖర్చులకూ ఐదో వంతు కలిపితే 18,600. ఇందులో రోజుకూలి అంకె మీరు మార్చుకోవచ్చు, తగ్గించడం మాత్రం మీ చేతులతో మీరు చేయవద్దు. ఈ లెక్కను కాగితం మీద రాసి కొనేవారికి చూపించినా తప్పు లేదు, నేను చూపిస్తాను.

జవాబు: పెడన అచ్చు

అక్కగారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను గానీ, అసలు ముద్రణకే ఇవ్వకూడదన్న అర్థం వస్తే మాత్రం ఒప్పుకోలేను. నేను పెడనలో చెక్క అచ్చుల కలంకారీ చేస్తాను. మీది కలం, మాది అచ్చు. కరక్కాయ, పటిక, కసిం ఇద్దరికీ ఒక్కటే.

మన తీరంలో అద్దకం పనివారు ఎన్నడూ తమకు తోచింది వేసుకుని కూర్చోలేదు. మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు పోయే గుడ్డకు ఒక తీరు, ఐరోపాలో మంచాల మీద పరిచే దుప్పట్లకు మరో తీరు ఉండేవి, నమూనాలు కూడా అక్కడి నుంచే వచ్చేవి. బేరగాడు అడిగిన పూలతీగ వేసినంత మాత్రాన వాళ్ల పనితనానికి లోటు రాలేదు. కోరమాండల్ అని పిలిచే మన తూర్పు తీరపు గుడ్డలు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అప్పట్లో ఐరోపా నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ భారతదేశపు అద్దకపు గుడ్డలను అడ్డుకునే చట్టాలు చేశాయి. 1742లో క్యూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన తీరంలో ఈ పని చేసేవారిని అడిగి తెలుసుకుని, పాలు పట్టించడం దగ్గర నుంచి ఒక్కొక్క అంచెను వివరిస్తూ తన దేశానికి లేఖ రాసి పంపాడు. తరువాతి కాలంలో ఐరోపా మిల్లులు మన గుడ్డకు నకలు వేసి మనకే తెచ్చి అమ్మాయి. కాబట్టి తమ్ముడు ఇప్పుడు ఎదుర్కొంటున్నది కొత్త చిక్కేమీ కాదు. ఒక తేడా ఉంది: అప్పటివారిని ఎవరూ ఒప్పందం అడగలేదు, మిమ్మల్ని అడుగుతున్నారు.

మా పెడనలో స్క్రీన్ వచ్చినప్పుడు చాలా ఇళ్లలో చెక్క అచ్చులు అటకెక్కాయి. ఒక బొమ్మకు గీత అచ్చు ఒకటి, నింపుడు అచ్చులు రంగుకొకటి. తేకు చెక్కలో వాటిని చెక్కించడానికే ఎంతో ఖర్చు. స్క్రీన్‌కు ఆ ఖర్చు లేదు. నిలబడినవాళ్లు ఎవరంటే, స్క్రీన్ గుడ్డనూ అచ్చు గుడ్డనూ ఒకే బల్ల మీద కలిపి అమ్మకుండా, దేని పేరు దానికి పెట్టి అమ్మినవాళ్లు. కలిపేసినవాళ్ల దగ్గర కొనేవారికి నమ్మకం పోయింది, అచ్చు గుడ్డకు కూడా స్క్రీన్ ధరే అడిగారు.

నా సలహా ఇది. పటాన్ని ఇవ్వవద్దు. ముద్రణ కోసమే వేరుగా కొన్ని బొమ్మలు గీయండి: తీగలు, చేపలు, హంసలు, జీవనవృక్షం. వాటిలో కథ లేదు, దేవుడు లేడు, దిండు మీద పడినా మీ నాన్నగారికి అభ్యంతరం ఉండదు. ఆ గుడ్డ మీద కలంకారీ అన్న పేరు వేయకూడదని ముందే రాయించుకోండి.

జవాబు: దస్తావేజు

నేను విజయవాడలో వస్త్రవ్యాపారులకు ఒప్పంద పత్రాలు రాసే పనిలో ఉన్నాను, అందుచేత కళ గురించి మాట్లాడను. సంతకం పెట్టే ముందు మీరు తెలుసుకోవలసినవి మాత్రం కొన్ని ఉన్నాయి.

పట్టాభిషేకం అనే ఘట్టం ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని మీ నాన్నగారు గీసిన తీరు ఆయన సొత్తు. కాబట్టి హక్కు ఇవ్వవలసినది ఆయన. రంగులు మీవి గనుక మీరూ సంతకం చేయడం మంచిది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతలో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టమే భావిస్తుంది. వ్యాపారులు తెచ్చే పత్రాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఏ వస్తువు మీదనైనా" అన్న వాక్యం తరచుగా ఉంటుంది, మీకు రావలసిన రక్షణ అంతా ఆ ఒక్క వాక్యంతో పోతుంది. ఏ బొమ్మ, ఏ వస్తువుల మీద, ఎన్నేళ్లు, ఎన్ని గజాలు అన్నది విడివిడిగా రాయించుకోండి. హక్కులు అమ్మిన తరువాత కూడా ఆ బొమ్మ గీసింది తానేనని చెప్పుకునే హక్కు గీసినవారికి 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది.

చాలామందికి తెలియని చిక్కు 15వ సెక్షన్‌లో ఉంది. డిజైన్‌గా నమోదు చేయదగిన బొమ్మను నమోదు చేయకుండా, యజమాని అనుమతితో యంత్రం మీద యాభై సార్లకు మించి వస్తువుల మీద వేస్తే, దాని మీద కాపీరైటు పోతుంది. మీ పటం కళాఖండమా, డిజైనా అని వివాదం వస్తే ఎదుటివారు ఈ సెక్షన్‌నే ముందుపెట్టే అవకాశం ఉంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ దొరుకుతుంది, అయితే ఆ బొమ్మ అంతకుముందు బయటపడి ఉండకూడదు. సంతలో పెట్టిన పటానికి ఆ అవకాశం దాదాపు పోయినట్టే. పెడన అన్నగారు చెప్పినట్టు కొత్త బొమ్మలు గీసేటట్టయితే, ఆ సంస్థకు చూపించే ముందే నమోదుకు దరఖాస్తు పెట్టండి, ఫోన్‌లో ఫోటో పంపడం కూడా వద్దు.

పేరు సంగతి వేరు. శ్రీకాళహస్తి కలంకారీకి 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న గుర్తింపు) ఉంది. ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రాన సరిపోదు. పని చేసేవారు చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా తమ పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పేరును తప్పుడుగా వాడి అమ్మినవారికి 39వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కేసు వేసి తిరిగే ఓపిక ఒక్క మనిషికి ఉండదు కాబట్టి నలుగురైదుగురు కలిసి నమోదు చేయించుకోండి. తుది పత్రాన్ని మాత్రం న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయవద్దు.

జవాబు: చేర్యాల పటం

అన్నా, మాది సిద్దిపేట జిల్లా చేర్యాల, నకాశీ పని, అంటే గుడ్డ మీద కథల పటాలు వేసే పని. మీరు ఇప్పుడు నిలబడిన చోట మేము ఒక తరం ముందే నిలబడ్డాము, కాబట్టి రాస్తున్నాను. మా పటం మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు ఉండేది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికీ, మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ చెప్పడానికీ మా దగ్గర వేయించుకునేవారు. కథ చెప్పేవారు తగ్గిపోయేసరికి ఆ పొడవు పటాలు అడిగేవారు లేకుండా పోయారు. మేము ఒక్కొక్క గడిని విడదీసి, చట్రం కట్టి గోడకు వేలాడదీసే బొమ్మలుగా అమ్మడం మొదలుపెట్టాము. రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపి చేసే ముఖాలు, కొబ్బరిచిప్పల మీద వేసే ముఖాలు కూడా అలాగే వచ్చాయి. వాటివల్లే బతికాము, ఆ మాట చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

పోయిందేమిటంటే కథ వరుస. కల్లు గీసే గౌడన్నను, వడ్లు దంచే ఆడవాళ్లను మా పిల్లలు ఎర్రటి నేల మీద మాకంటే బాగా వేస్తారు. మార్కండేయ పురాణంలో ఈ గడి తరువాత ఏ గడి వస్తుంది, రెండు ఘట్టాల మధ్య చెట్టు వేయాలా తెర వేయాలా అంటే మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల వైపు చూస్తారు. మీ పటంలో గడి కింద తెలుగు వాక్యం ఉందన్నారు. ఆ వాక్యాలు, ఆ వరుస మీ నాన్నగారికి నోటికి వచ్చి ఉంటాయి. ముద్రణకు ఇవ్వడం, మానడం తరువాత చూసుకోవచ్చు. ముందు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ అడగకపోయినా పూర్తి పటం ఒకటి మీ చేత్తో గీయండి. మీ అమ్మాయి చేత ఆ వాక్యాలు రాయించండి. డబ్బు లేనప్పుడు ఈ మాట చెప్పడం తేలికేనని నాకు తెలుసు. ఏడాది పట్టినా సరే, చీరల పని మధ్యలో వారానికి ఒక గడి చొప్పున వేయండి.

స్వర్ణముఖి ఒడ్డు

అక్కకు, అన్నలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. అక్క చీరల గురించి అన్న మాట ఆయనకు బాగా నచ్చింది. మా తాతగారు కూడా పటాల పని లేని రోజుల్లో దుప్పట్ల అంచులు వేసేవారని చెప్పారు, ఆ సంగతి నేను ఇప్పుడే విన్నాను.

పటం ఇవ్వలేమని ఆ సంస్థకు రాస్తున్నాను. తీగలు, హంసలు, చేపలతో కొత్త బొమ్మలు గీసి, దరఖాస్తు పెట్టిన తరువాతే చూపిస్తాను. చీరలు, తెరల వరకే అనుమతి, మూడేళ్ల గడువు, గుడ్డ మీదా ప్రకటనల్లోనూ కలంకారీ అన్న పేరు వాడకూడదు, గీసినవారి పేరు లేబులు మీద ఉండాలి అని షరతులు పెడుతున్నాను. దీనికి వాళ్లు మొదట చెప్పిన సొమ్ము ఇవ్వకపోవచ్చు. వచ్చినదానితో కొంత అప్పు తీర్చి, అక్క చెప్పినట్టు మూడు చీరలు సొంతంగా కొంటాను. దస్తావేజు గారూ, ఒక్క సందేహం: సొమ్ము ఒకేసారి తీసుకోవడం మేలా, గజానికి ఇంత అని తీసుకోవడం మేలా?

దస్తావేజు

గజం లెక్క వినడానికి బాగుంటుంది గానీ, వాళ్లు ఎన్ని గజాలు వేశారో మీరు శ్రీకాళహస్తిలో కూర్చుని తెలుసుకోలేరు. మొదటి 5,000 గజాలకు కలిపి ఒక మొత్తం ముందుగానే తీసుకోండి, అది తిరిగి ఇవ్వనక్కరలేదని రాయించండి. ఆపైన వేసే ప్రతి వెయ్యి గజాలకూ మళ్లీ మీ రాతపూర్వక అనుమతి కావాలని పెట్టండి. ఎన్ని గజాలు వేశారో ముద్రణ యూనిట్ బిల్లుల నకళ్లు మూడు నెలలకోసారి పంపాలని కూడా చేర్చండి. బిల్లులు పంపడానికి ఒప్పుకోని సంస్థ అయితే ఆ బేరం వదులుకోవచ్చు.